హైదరాబాదులో భిక్షాటన

హైదరాబాదులో భిక్షాటన అనగా తెలంగాణ రాజధాని హైదరాబాదు నగరంలోని వీధులలో, కూడళ్ళలో, ప్రార్థనా స్థలాల వద్ద ధనమో ఆహారమో యాచించి జీవించే పద్ధతి. ఇది పేదరికానికే కాక దానధర్మాల పట్ల సమాజపు వైఖరికి కూడా సంబంధించిన విషయం. యాచించడం చట్టరీత్యా నిషిద్ధం. అడిగినవానికి పెట్టడం అన్ని మతాలలోనూ పుణ్యం. నగరవాసి చేయి చాచిన మనిషి ఎదుట ఎదుర్కొనే సందిగ్ధానికి ఈ వైరుధ్యమే మూలం.

పదాలు, సంప్రదాయం

తెలుగులో భిక్షం, బిచ్చం, ముష్టి అనే పదాలు వాడుకలో ఉన్నాయి. ముష్టి అంటే పిడికిలి. పిడికెడు గింజలు పెట్టే అలవాటు నుండి ఈ పదానికి ఇప్పటి అర్థం వచ్చింది. అయితే పూర్వం అడిగి తినడమంతా హీనంగా పరిగణింపబడలేదు. ఉపనయనమైన వటువు మొదట చేసేది భిక్షాటనే. బీద విద్యార్థులు వారాలు చేసుకొని, అనగా రోజుకొక ఇంట భోజనం చేసి, చదువుకొనేవారు. యాయవారం, మధుకరం గౌరవప్రదమైన వృత్తులుగానే ఉండేవి. హరిదాసులు, గంగిరెద్దులవారు, బుడబుక్కలవారు, జంగందేవరలు పాటకో ఆటకో ప్రతిఫలంగా గింజలు, పాతబట్టలు స్వీకరించేవారు.

ఈ పద్ధతిలో ఇచ్చేవారికి పుచ్చుకొనేవారు ఎవరో తెలుసు. ఏ ఇంటికి ఎప్పుడు రావాలో, ఎంత ఆశించాలో ఇరువురికీ తెలుసు. నగరంలో ఈ పరిచయం లేదు. సిగ్నలు వద్ద ఆగిన వాహనదారునికి ఎదుటి మనిషిని గురించి నిర్ణయించుకొనేందుకు నిమిషమైనా ఉండదు.

ప్రదేశాలు, సమయాలు

నగరంలో భిక్షాటన వారాలను, పండుగలను అనుసరించి సాగుతుంది. మంగళ, శనివారాలలో ఆంజనేయ ఆలయాల వద్ద, గురువారం సాయిబాబా మందిరాల వద్ద, శుక్రవారం మసీదుల వద్ద, ఆదివారం చర్చిల వద్ద యాచకులు కనబడతారు. రంజాను మాసంలో చార్మినారు, మక్కా మసీదు పరిసరాలలో వీరి సంఖ్య పెరుగుతుంది. సికింద్రాబాదు రైల్వే స్టేషను, మహాత్మా గాంధీ బస్ స్టేషను, పెద్ద కూడళ్ళు నిత్యం భిక్షాటన జరిగే చోట్లు.

కారణాలు

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 4,13,670 మంది యాచకులు, నిరాశ్రయ సంచారులు ఉన్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ సంఖ్య 30,218. పశ్చిమ బెంగాల్, ఉత్తరప్రదేశ్ తరువాత ఇదే పెద్ద సంఖ్య. వృద్ధాప్యంలో ఆదరణ లేకపోవడం, వైకల్యం, కుష్ఠు వంటి వ్యాధుల వలన కలిగిన వెలి, మానసిక రుగ్మతలు, మద్య వ్యసనం, పనికోసం వలసవచ్చి పని దొరకకపోవడం ముఖ్య కారణాలు. హిజ్రాలకు ఇతర ఉపాధి దాదాపు మూసుకుపోవడం వలన వారిలో కొందరు ఈ మార్గాన్ని ఆశ్రయిస్తారు. పిల్లలచేత బలవంతంగా అడిగించడం వీటన్నిటికంటే వేరైనది, ఘోరమైన నేరం.

దానం పట్ల వైఖరులు

భగవద్గీత పదిహేడవ అధ్యాయం ప్రత్యుపకారం ఆశించక, దేశ కాల పాత్రములు గ్రహించి ఇచ్చిన దానాన్ని సాత్వికమంటుంది. ఇస్లాంలో జకాత్ విధి. ఖురాను దానిని పొందదగిన ఎనిమిది వర్గాలను పేర్కొంటుంది. ఈ రెండు సంప్రదాయాలలోనూ పాత్రత అనే ఆలోచన ఉన్నది. "అపాత్రదానం" అనే మాట తెలుగువారి నిత్య వ్యవహారంలో నిలిచింది కూడా ఇందుకే. ఒంట్లో సత్తువ ఉన్నవానికి ఉచిత భోజనం కంటే పని చూపించడమే మేలని మహాత్మా గాంధీ వాదించాడు.

నగరంలో మూడు వైఖరులు ప్రధానంగా కనబడతాయి. అడిగినవారికి లేదనరాదని, మంచిచెడ్డలు ఎంచడం ఇచ్చేవాని పని కాదని కొందరి మతం. ధనమిస్తే దళారుల పాలవుతుందని, ఆహారమే ఇవ్వాలని మరికొందరు భావిస్తారు. వీధిలో ఏమీ ఇవ్వక ఆశ్రమాలకు ఇవ్వడమే మేలని ఇంకొందరంటారు. మొదటి వైఖరిలో మోసానికి అవకాశం ఉన్నది. రెండవదానిలో, మందులు, బాడుగ వంటి అవసరాలు ఆహారంతో తీరవన్న సంగతి మరుగున పడుతుంది. మూడవది సబబైనదే కాని, ఆశ్రమానికి నిజంగా ఇచ్చినప్పుడే. లేకుంటే అది ఇవ్వకపోవడానికి చెప్పే సాకుగా మిగులుతుంది.

పావలా, అంతకు తక్కువ నాణేల చెలామణీ 2011 జూన్ 30తో ముగిసింది. ఆ తరువాత చేతిలో వేసే కనీస మొత్తం క్రమంగా రూపాయి, ఐదు రూపాయలకు చేరింది.

చట్టం

ఆంధ్రప్రదేశ్ భిక్షాటన నిరోధక చట్టం 1977లో వచ్చింది. రాష్ట్ర విభజన తరువాత ఇది తెలంగాణకూ సంక్రమించింది. రైళ్ళలో, స్టేషన్లలో యాచించడాన్ని 1989 నాటి రైల్వే చట్టం 144వ సెక్షను నిషేధిస్తుంది. పిల్లలను భిక్షాటనకు వినియోగించినవారికి 2015 బాల న్యాయ చట్టం ప్రకారం ఐదేళ్ళ వరకు జైలుశిక్ష, లక్ష రూపాయల జరిమానా ఉంటాయి.

1959 నాటి బొంబాయి చట్టం ఢిల్లీకి కూడా వర్తించేది. పాడి, ఆడి, జోస్యం చెప్పి అడగడాన్ని సైతం అది భిక్షాటనగానే పరిగణించింది. ఢిల్లీకి వర్తించినంత మేరకు అందులో భిక్షాటనను నేరంగా చేసే సెక్షన్లు రాజ్యాంగ విరుద్ధమని 2018 ఆగస్టు 8న ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పింది. 2021 జూలైలో సుప్రీంకోర్టు కూడా కూడళ్ళ నుండి యాచకులను తొలగించాలన్న కోరికను అంగీకరించక, ఇది సామాజిక, ఆర్థిక సమస్య అని పేర్కొన్నది. ఇందుకు భిన్నంగా మధ్యప్రదేశ్‌లోని ఇండోరులో 2025 జనవరి 1 నుండి భిక్షం వేసినవారిపైనే కేసులు పెట్టే పద్ధతి తెచ్చారు.

2017 నాటి నిషేధం

2017 నవంబరు 28 నుండి 30 వరకు హైదరాబాదులో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు జరిగింది. అంతకు ముందే నగర పోలీసు కమిషనరు నవంబరు 8 నుండి రెండు నెలల పాటు బహిరంగ ప్రదేశాలలో భిక్షాటనను నిషేధించాడు. యాచకులను చర్లపల్లి, చంచల్‌గూడ జైళ్ళ ఆవరణలోని ఆనందాశ్రమాలకు తరలించారు. యాచకుల ఆచూకీ తెలిపినవారికి 500 రూపాయల బహుమానం ఇస్తామని జైళ్ళ శాఖ ప్రకటించింది. ఇకపై అడుక్కోబోమని హామీ ఇచ్చిన పలువురిని విడిచిపెట్టారు. ఆశ్రమంలో భోజనం, వైద్యం దొరికాయని సమర్థకులు, అతిథుల కంటికి పేదరికం కనబడకుండా చేయడమే అసలు ఉద్దేశమని విమర్శకులు వాదించారు. నిషేధం ముగిసిన కొంతకాలానికి కూడళ్ళలో యాచకులు మళ్ళీ కనబడ్డారు.

పునరావాసం

నగరపాలక సంస్థ 2014లో ఐదు రూపాయల భోజన పథకాన్ని ఆరంభించింది. నిరాశ్రయులకు రాత్రి బస కేంద్రాలున్నాయి. కేంద్ర ప్రభుత్వం 2022 ఫిబ్రవరి 12న ప్రారంభించిన స్మైల్ పథకంలో యాచకుల పునరావాసం ఒక భాగం. యాచించే బాలలు కనబడితే 1098 నంబరుకు తెలుపవచ్చు. వీధి నుండి తీసుకొనిపోవడం ఒక రోజు పని. గుర్తింపు పత్రాలు, పింఛను, చికిత్స, చేయగల పని, తిరిగి వెళ్ళేందుకు ఒక ఇల్లు సమకూర్చడానికి నెలలు, సంవత్సరాలు పడతాయి. ఈ రెండవ పని జరగనిచోట మొదటిది నిలువదు.

సాహిత్యంలో

శ్రీశ్రీ మహాప్రస్థానం సంపుటిలోని "భిక్షు వర్షీయసి" దారి పక్కన చెట్టు క్రింద కూర్చున్న ముసలి యాచకురాలిని గురించిన గేయం. ఆమె మరణిస్తే ఆ పాపం ఎవరిదన్నది అందులోని ప్రశ్న. భిక్షాటనను గురించిన చర్చలన్నిటిలోనూ ఈ ప్రశ్న నేటికీ మిగిలే ఉన్నది.

ఇవి కూడా చూడండి

హైదరాబాదు
పేదరికం
దానం
జకాత్
బుడబుక్కలవారు