దొంగే కథానాయకుడు: చదవదగిన నాలుగు ఫాంటసీ నవలలు

ఫాంటసీ సాహిత్యంలో రాకుమారులకు, మాంత్రికులకు కొరత లేదు. వారి సరసన దొంగకు సైతం చాలాకాలంగా చోటుంది. వంశం, సైన్యం, సంపద లేని మనిషి కేవలం చేతి నేర్పుతో, బుద్ధిబలంతో కోటలో అడుగుపెట్టినప్పుడు ఆ రాజ్యపు లోపలి స్వరూపం పాఠకుడికి కనిపిస్తుంది. దొంగ ఎవరి సొత్తును అపహరిస్తున్నాడు, ఆ సొత్తు వారికి ఎలా దక్కింది అన్న ప్రశ్నే ఈ కోవలోని మంచి నవలలకు ప్రాణం. ఆంగ్లంలో వెలువడిన అటువంటి నాలుగు నవలల పరిచయం ఇది.

ద హాబిట్ (1937)

జె.ఆర్.ఆర్. టోల్కీన్ రచన. ఇల్లు కదలడానికి ఇష్టపడని బిల్బో బ్యాగిన్స్‌ను పదముగ్గురు మరుగుజ్జులు దొంగగా నియమించుకుంటారు. స్మాగ్ అనే డ్రాగన్ ఆక్రమించిన తమ పూర్వికుల నిధిని తిరిగి పొందడం వారి లక్ష్యం. నిధి చేజిక్కాకే బిల్బోకు అసలు పరీక్ష ఎదురవుతుంది. యుద్ధాన్ని ఆపే ఆశతో, తన పక్షం వారు ప్రాణప్రదంగా వెదుకుతున్న మణిని రహస్యంగా ప్రత్యర్థులకు అప్పగిస్తాడు. పిల్లలతో కలిసి చదవదగిన పుస్తకం.

ద థీఫ్ (1996)

మేగన్ వేలెన్ టర్నర్ రచన. తన చోరకళ గురించి గొప్పలు చెప్పుకుని చెరసాల పాలైన జెన్‌ను రాజాస్థాన పండితుడు బయటకు తీసుకువస్తాడు. పొరుగు రాజ్యపు సింహాసనంపై హక్కును నిర్ణయించే ఒక రాయిని దొంగిలించే పని అప్పగిస్తాడు. ప్రాచీన గ్రీసును తలపించే లోకంలో, జెన్ మాటల్లోనే కథ సాగుతుంది. అతడు చెప్పకుండా దాచేవి ఎన్నో ఉన్నందున ముగింపును ముందుగా తెలుసుకోకపోవడం మేలు. ఈ నవల 1997లో న్యూబరీ ఆనర్ పొందింది.

మిస్ట్‌బోర్న్: ద ఫైనల్ ఎంపైర్ (2006)

బ్రాండన్ శాండర్సన్ రచన. వెయ్యేళ్లుగా ఒకే చక్రవర్తి పాలనలో మగ్గుతున్న సామ్రాజ్యంలో, వీధి దొంగల మధ్య పెరిగిన విన్ అనే బాలిక నాయిక. లోహాలను మింగి వాటి నుంచి శక్తిని పొందే విద్య ఆమెకు ఉన్నట్లు తెలుస్తుంది. ఒక దొంగల ముఠా ఏకంగా సామ్రాజ్యాన్నే కూలదోసే పథకం రచిస్తుంది. ఎవరినీ నమ్మరాదని నేర్చుకున్న విన్ తోటివారిని నమ్మడం నేర్చుకునే తీరే ఈ నవలకు ఆయువుపట్టు. మూడు భాగాల కథ 2008లో పూర్తయింది.

ద లైస్ ఆఫ్ లాక్ లమోరా (2006)

స్కాట్ లించ్ రచన. వెనిస్‌ను పోలిన కామోర్ నగరంలో నేర ముఠాలకు, పాలకులకు మధ్య రహస్య ఒడంబడిక ఉంటుంది. ప్రభువర్గాన్ని ముట్టుకోనంతవరకు దొంగలకు ఢోకా లేదు. అంటే దోపిడీకి గురయ్యేది సామాన్యులే. అనాథగా పెరిగిన లాక్, అతడి మిత్రులు ఆ ఒడంబడికను ఉల్లంఘించి ప్రభువులనే మోసగిస్తారు. హింస, పరుష భాష అధికంగా ఉన్నందున ఇది పెద్దలకు మాత్రమే తగిన నవల.

మన సాహిత్యంలో

ఈ తరహా నాయకుడు భారతీయ పాఠకులకు కొత్తవాడు కాడు. దండి సంస్కృతంలో రచించిన దశకుమారచరితంలో అపహారవర్మ, సంపద అశాశ్వతమని చంపానగరంలోని లోభులకు తెలియజెప్పేందుకు చోరవిద్యను చేపడతాడు. 13వ శతాబ్దంలో కేతన ఆ కృతిని తెలుగులో కావ్యంగా రచించి తిక్కనకు అంకితమిచ్చారు. పై నవలల్లోని ప్రశ్నను తెలుగు పాఠకులు ఏడు శతాబ్దాల క్రితమే ఎదుర్కొన్నారు.