మౌంటు రోడ్డులో మన పేపరు ఇల్లు

పోయిన వారం మా పెద్దమ్మ కంటి ఆపరేషన్‌కి తోడుగా చెన్నై పోయాను. సాయంత్రం దాకా పని లేదు. మౌంటు రోడ్డు పట్టుకున్నాను.

1959లో తెరిచిన ఎల్ఐసీ బిల్డింగు అక్కడే ఉంది.  కొన్నాళ్లు దేశం మొత్తంలో ఎత్తయింది అదే. మన పెద్దోళ్లు మద్రాసు పోయొస్తే ముందు దాని సంగతే చెప్పేవాళ్లు. రోజూ కృష్ణపట్నం కరెంటు ప్లాంటు పొగగొట్టాలు చూసే నాకు అది కంటికి ఆనలేదు లెండి. నేను వెతుక్కుంటూ పోయింది ఆంధ్రప్రభ అచ్చయిన చోటు.

మా తాతకు చదువు రాదు. మొలగొలుకుల బస్తాలు పడవకెత్తి బకింగ్‌హామ్ కాలువ మీద మద్రాసు తోలేవాడు. 1953 అక్టోబరు 1 దాకా మనది మద్రాసు రాష్ట్రమే కదా, వడ్ల ధరైనా కబురైనా అక్కణ్ణించే రావాలి. రచ్చబండ కాడ ఎవరో ఒకరు పేపరు చదివితే వినేవాడు. "ఆంధ్రప్రభ అయితే చదివినోడు మళ్లీ అర్థం చెప్పబన్లేదురా" అనేవాడు.

ఆ మాట వెనక కథుంది. 1938 ఆగస్టు 15న రామనాథ్ గోయెంకా గారు ఈ పేపరు పెట్టారు. మొదటి ఎడిటర్ ఖాసా సుబ్బారావు గారు మన నెల్లూరు జిల్లా మనిషే. తర్వాత వచ్చిన నార్ల వెంకటేశ్వరరావు గారు పండితుల భాషను పక్కనబెట్టి వాడుక మాటల్లో రాశారు, రాయించారు. చదువు రానోడికి చెవిన పడితే చాలు, అర్థమైపోయేది. 1952 డిసెంబరులో పొట్టి శ్రీరాములు గారు 58 రోజులు పస్తుండి అదే మద్రాసులో ప్రాణం వదిలిన కబురు తాత అట్లా విన్నదే. ఆ రోజు రచ్చబండ కాడ చదివేవాడి గొంతు మధ్యలో ఆగిపోయిందని చెప్పేవాడు.

1940లో గోయెంకా గారి ప్రెస్సు తగలబడింది. పోటీ పేపరైన హిందూ వాళ్లే ఆదుకుని, తాము ఖాళీ చేసిన మౌంటు రోడ్డు బిల్డింగు అద్దెకిచ్చారు. పక్క చేనోడి మోటారు కాలితే మన నీళ్లు మళ్లించినట్టు. తర్వాత అక్కడికి దగ్గర్లోనే పాత మద్రాసు క్లబ్బు ఆవరణ కొన్నారు. అదే ఎక్స్‌ప్రెస్ ఎస్టేట్. తర్వాత్తర్వాత ఆంధ్రప్రభ బెజవాడ వెళ్లిపోయింది.

ఇప్పుడా ఎస్టేట్‌లో ఉండేది ఎక్స్‌ప్రెస్ అవెన్యూ మాల్. 2010లో తెరిచారు. గేటు కాడ సెక్యూరిటీ అబ్బాయిని "ఇక్కడ తెలుగు పేపరు అచ్చేసేవాళ్లు, తెలుసా" అని అడిగితే, బ్యాగు తెరిచి చూపించమన్నాడు. లోపలంతా చెప్పుల షాపులు, సినిమా హాళ్లు. పేరులో ఎక్స్‌ప్రెస్ అనే మాట మిగిలింది.

తిరిగి చేపాక్ స్టేషన్లో రైలెక్కాను. కింద నల్లటి నీళ్లు. మన తాతల పడవలు తిరిగిన బకింగ్‌హామ్ కాలువ అదే.

మీ ఇళ్లల్లో అటకల మీద పాత ఆంధ్రప్రభ ఏదన్నా ఉంటే చెదలు పట్టకముందే ఒక ఫోటో తీసి పెట్టండి. తారీకు కనపడేటట్టు తీయండి.