పలుచని బీరు కథ

బీరు మాట రాగానే అది ఎంత గాఢమైనదని అడుగుట మనవారికి పరిపాటి. మద్యసారము నాలుగు శాతమునకు లోబడినచో నీళ్లు కలిపినదని చిన్నచూపు. మద్యము ముట్టనివారికి ఈ తగవుతో పనిలేదు. ఐనను దీని వెనుకనున్న చరిత్ర వారికిని వినదగినదే.

ఇంగ్లండులో పూర్వము ఒకే ధాన్యమునుండి రెండు మూడు మారులు రసము తీసెడివారు. మొదటిది గాఢము, కడపటిది పలుచన. ఆ పలుచనిదానికి 'చిన్న బీరు' అని పేరు. ఇంటిల్లిపాదియు దానిని త్రాగిరి గాని, దానికి మర్యాద మాత్రము లేకుండెను.

ఆ మర్యాదకు దారితీసినది నాలుక కాదు, ఖజానా. మాల్టుపై, అనగా మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీపై, 1697 నుండి ఉండిన సుంకమును 1880లో గ్లాడ్‌స్టన్ రద్దుచేసి, పులియకముందు రసమునకు గల సాంద్రతనుబట్టి సుంకము విధించెను. రసములో చక్కెర హెచ్చినకొలది పులిసిన పిమ్మట మద్యసారమును హెచ్చును, దానితోపాటు సుంకమును హెచ్చును. మొదటి ప్రపంచయుద్ధమున ధాన్యము కొరతపడి కట్టడులు వచ్చెను. నీటి సాంద్రత 1000 అనుకొన్నచో, 1914లో సుమారు 1052గా ఉండిన సగటు 1919 నాటికి 1030 ప్రాంతమునకు దిగెను. తరువాత కొంత లేచినను పాత మట్టమును అందుకొనలేదు.

విధిలేక పలుచబడిన ఆ పానీయమును అచటి గనిపనివారు, కొలిమిపనివారు తమదిగా చేసికొనిరి. మూడు, మూడున్నర శాతపు 'మైల్డు' ఇరువదవ శతాబ్ది నడిమివరకు వారి నిత్యపానీయము. అందు హాప్సు చేదు తక్కువ. వేగిన మాల్టు వాసన, లేతపాకపు తీపి ప్రధానము. దీనిని చక్కగా చేయుట గాఢమైనదానికంటె కష్టమని మా అభిప్రాయము. ఘాటు చాటున దోషము దాగుటకు వీలులేదు. పలుచని చారులో పోపు మాడినచో దాచుటెట్లు?

పెద్ద కంపెనీల ధాటికి ఇట్టి బీరులు అణగుచుండగా 1971లో వానిని కాపాడుటకు అచట ఒక వినియోగదారుల ఉద్యమము పుట్టెను. 2002లో చిన్న బ్రూవరీలకు సుంకము తగ్గించిరి. 2023 నుండి మూడున్నర శాతమునకు లోబడిన బీరుపై సుంకము మరింత తక్కువ.

ఇక మన బెంగుళూరు. 1809లో వెలసిన దండునకు బీరు పాతచుట్టమే. యునైటెడ్ బ్రూవరీసు ఇచ్చటనే 1915లో ఏర్పడెను. కాని దేశములో పెక్కుచోట్ల బీరుపై సుంకము దాని బలమునుబట్టి గాక లీటరులనుబట్టి వసూలగుచు వచ్చెను. ఒకే సుంకమునకు ఎక్కువ మత్తు కోరువాడు గాఢమైనదానినే కొనును గదా! నేడు దేశమున అమ్ముడుపోవు బీరులో అధికభాగము అట్టిదే. 2010 తరువాత ఈ నగరమున వెలసిన చిన్న బ్రూవరీలు, తాము కాచినది తమ ముంగిటనే పోయునవి గావున, పలుచని రకములను నిలబెట్టుటకు తగినచోట్లు. అచట అడుగువారు అడుగవలెను. అడిగినప్పుడు మంచువలె చల్లబరచి తెమ్మనరాదు. అతిచల్లదనమున నాలుక మొద్దుబారును. మైల్డును ఇంగ్లండువారు 12 డిగ్రీల ప్రాంతమున పోయుదురు, మన మేనెలలో దానికి ఓర్చుకొనుట మాత్రము కొంచెము కష్టమే.