గుర్రాల మైదానం, గార్డెన్ రీచ్ తెలుగిల్లు

కలకత్తా రేస్ కోర్సును ఈ రోజుల్లో చాలామంది పైనుంచే చూస్తున్నారు. విద్యాసాగర్ సేతు దిగి ఏ.జె.సి. బోస్ రోడ్డు ఫ్లైఓవర్ మీదకి వస్తుంటే తెల్లటి కంచె, పచ్చిక, వరసగా మూడు స్టాండ్లు, దూరంగా విక్టోరియా మెమోరియల్ గుమ్మటం కనిపిస్తాయి. ఫోటో తీసుకునేలోపే దాటిపోతాయి. కింద గేటు దగ్గర టికెట్టు కొనుక్కుని లోపలికి వెళ్ళేవాళ్ళు బాగా తగ్గారు. మా ఇంటివాళ్ళం మాత్రం మూడు తరాలుగా కిందనుంచే వెళ్తున్నాం.

గుర్రపు పందేలు దొరల సరదా అంటారు, రాజుల డాబు అంటారు, జూదగాళ్ళ వ్యసనం అంటారు. మూడు మాటల్లోనూ నిజం లేకపోలేదు. అయితే తండ్రి వేలు పట్టుకుని వచ్చిన కొడుకులూ, అన్న వెంట వచ్చిన చెల్లెళ్ళూ, నెల జీతంతో బతికే గుమాస్తాలూ కూడా ఈ మైదానం చుట్టూ తరతరాలుగా ఉన్నారు. వాళ్ళ సంగతి చరిత్రల్లో తక్కువ. మా ఇంటి వైపు నుంచి ఆ చరిత్ర చెప్పే ప్రయత్నం ఇది.

మొదటి పందేలు ఇక్కడ జరగలేదు. గార్డెన్ రీచ్ దాటి నది వెంట ఇంకా కిందకి పోతే ఆక్రా వస్తుంది. 1769లో కంపెనీ దొరలు అక్కడ గుర్రాలు పరిగెత్తించారు. తీర్చిదిద్దిన ట్రాక్ కాదు, ఇరుకు నేల. 1798లో గవర్నర్ జనరల్‌గా వచ్చిన వెల్లెస్లీకి పందేలన్నా బెట్టింగన్నా గిట్టదు. కొన్నేళ్ళు ఆట ఆగింది. 1803లో బెంగాల్ జాకీ క్లబ్బు ఏర్పడ్డాక మళ్ళీ ఊపిరి పోసుకుని, తరవాత ఆక్రా వదిలి ఇప్పటి రేస్ కోర్సు ఉన్న మైదాన్‌కి వచ్చింది. 1820లో రెండంతస్తుల స్టాండు లేచింది. 1842లో కలకత్తా డెర్బీ, 1847లో కలకత్తా టర్ఫ్ క్లబ్బు, తరవాత వైస్రాయ్స్ కప్పు. మొదట్లో ఎండ ముదరకముందే, పొద్దున్నే పందేలు ముగించేసేవారు. మధ్యాహ్నప్పూట పెట్టడం మొదలయ్యాక జనం పోటెత్తారు. ఆఫీసు వదిలాక వచ్చేవాడు కూడా ఆటలోకి వచ్చాడు. 1912లో అయిదో జార్జి అనుమతితో క్లబ్బు పేరు ముందు ‘రాయల్’ చేరింది.

తొలిరోజుల్లో పరిగెత్తినవి ఎక్కువగా అరబ్బీ గుర్రాలు. తరవాత ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ నుంచి ఓడల్లో వేలర్లు దిగాయి. ఎముక గట్టివి, ఎండకి తట్టుకునేవి. సైన్యానికీ బండ్లకీ పందేలకీ అవే. ధర్మతలాలో కుక్ కంపెనీ, హార్ట్ బ్రదర్స్ లాయాల దగ్గర వాటి బేరాలు సాగేవి. ఇప్పుడు ధర్మతలాలో బస్సు కోసం తోసుకునేవాళ్ళకి అక్కడ ఒకప్పుడు గుర్రపు సంత ఉండేదంటే నమ్మబుద్ధి కాదు.

కుటుంబాల మాటకొస్తే ముందు అర్మేనియన్లని చెప్పుకోవాలి. చైనా దాకా ఓడలు నడిపిన ఆప్కార్ల ఇంట్లో గుర్రాల ఇష్టం కూడా ఉండేది. సర్ ఆప్కార్ అలెగ్జాండర్ ఆప్కార్ టర్ఫ్ క్లబ్బులో స్టివార్డుగా చేశాడు. తరవాత జె.సి. గాల్‌స్టన్. పార్క్ స్ట్రీట్‌లో రస్సెల్ స్ట్రీట్ మూల మీద ఉన్న నేటి క్వీన్స్ మాన్షన్ ఆయన కట్టించినదే. ఊళ్ళో ఇంకా ఎన్నో భవనాలు కట్టించాడు, ఎన్నో గుర్రాలు పోషించాడు. లోయర్ సర్క్యులర్ రోడ్డు మీద గాల్‌స్టన్ పార్క్ అని రాజమహల్లాంటి ఇల్లు కట్టుకున్నాడు. చివరికి ఆ ఇల్లు హైదరాబాదు నిజాం చేతికి వెళ్ళింది. ఇప్పుడది నిజాం ప్యాలెస్, లోపల కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలు. గాల్‌స్టన్ ఆస్తిలో చాలా భాగం గుర్రాల వెంటే పోయిందని ఊరు ఈనాటికీ చెప్పుకుంటుంది. ఆ రోడ్డున బస్సులో పోయినప్పుడల్లా మా తాతయ్య కిటికీలోంచి ఆ గేటు చూపించి, “ఒరే, అంత ఇల్లూ గుర్రం తినేసిందిరా” అనేవారు. ఆ ఒక్క ముక్కతో మా ఇంట్లో పందెం హద్దు తేలిపోయింది.

తాతయ్యది శ్రీకాకుళం వైపు పల్లె. బెంగాల్ నాగపూర్ రైల్వే కేంద్ర కార్యాలయం గార్డెన్ రీచ్‌లో ఉండేది. వాల్తేరు దాకా లైను ఆ కంపెనీదే కాబట్టి మనవాళ్ళు చాలామంది ఆ బండెక్కి, ఆ కంపెనీలోనే ఉద్యోగానికి వచ్చారు. ఖరగ్‌పూర్‌లో వర్క్‌షాపు పనివాళ్ళు, గార్డెన్ రీచ్‌లో లెక్కల గుమాస్తాలు. తాతయ్య రెండో రకం. 1930ల్లో వచ్చి కిదిర్‌పూర్‌లో అద్దెకి దిగారు. కిదిర్‌పూర్ నుంచి ఎస్‌ప్లనేడ్ పోయే ట్రాము మైదాన్‌లోంచే వెళ్ళేది. శనివారం సగం పూట ఆఫీసు. సాటి గుమాస్తా ఒక బెంగాలీ ఆయన రేస్ కోర్సు దగ్గర దించేశాడు. అలా అంటుకుంది.

ఆయనకి పందెం కన్నా ప్యాడాక్ ముఖ్యం. పరుగుకి ముందు గుర్రాలని చేత్తో పట్టుకుని గుండ్రంగా నడిపించే చోటు అది. గుర్రాన్ని చూసుకునే సైసు ముందు నడుస్తాడు, గుర్రం తల ఊపుతూ వెనక. తాతయ్య కంచె పట్టుకుని కదలకుండా నిలబడేవారు. చెవులు ముందుకి నిక్కాయా, వెనక్కి పడ్డాయా? మెడ మీద చెమట నురగ కడుతోందా? అలా కడితే పరుగు మొదలవకముందే సగం బలం పోయినట్టు. వెనక కాళ్ళు ముందు కాళ్ళ అడుగుని దాటి పడుతున్నాయా? ఇవన్నీ రేస్ బుక్కు అంచున పెన్సిల్‌తో రాసుకునేవారు. రాత తెలుగు, అంకెలు కూడా తెలుగువే. భుజం మీంచి తొంగిచూసే టిప్పుల వ్యాపారులకి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు.

ఇంకో తనిఖీ కూడా ఉండేది, అది ఇంటి దగ్గర నుంచి తెచ్చుకున్నది: సుడులు. నుదుటి మీద సుడి ఎక్కడుంది, మెడ మీద ఎన్ని ఉన్నాయి అని చూసేవారు. గుర్రాల లక్షణాల మీద తెలుగులో మనుమంచి భట్టు ఏకంగా ‘హయలక్షణ విలాసము’ అని పద్యకావ్యమే రాశాడు మరి. బెంగాలీ స్నేహితుడు నవ్వేవాడు. “సుడి చూసి పెళ్ళి చేస్తారు గానీ పందెం కాస్తారా దాదా?” అని. తాతయ్య ఒప్పుకునేవారు కాదు. గెలిస్తే సుడి వల్ల, ఓడితే జాకీ వల్ల.

డబ్బు లెక్క నాన్నమ్మది. జీతం డబ్బు ముట్టకూడదు. ఇంటి ఖర్చు పోగా ఆవిడ చేతికిచ్చిందే ఆ రోజుకి పందెం. చాలాసార్లు ఆవిడే బుక్కు చూసి పేర్లు ఎంచేది. అక్షరాలు కూడబలుక్కుని చదివి, దేవుడి పేరో పువ్వు పేరో స్ఫురిస్తే దాని మీద పెట్టమనేది. తాతయ్య తన లెక్కలు విప్పితే కొట్టిపారేసేది. “ఏటండీ, ఆ బక్కదాని మీద డబ్బులెట్టీసేరా?” అని సాయంత్రం నిలదీసేది. ఎవరూ లెక్కచెయ్యని గుర్రం గెలిచినరోజు ఇంట్లో ఒకటే మాట: గుర్రం ఎగరావచ్చు!

పందెం ఎలా నడుస్తుందో చెప్తే తాతయ్యకి లెక్కలంటే ఎందుకంత మోజో తెలుస్తుంది. హ్యాండీక్యాప్ పందెంలో బాగా పరిగెత్తే గుర్రానికి బరువు ఎక్కువ, నెమ్మదైనదానికి తక్కువ. జాకీ జీనుతో సహా తూకం ఎక్కుతాడు. చాలకపోతే జీను కింద సీసపు పలకలు చేరుస్తారు. పరుగయ్యాక మళ్ళీ తూస్తారు. బరువు తగ్గితే గెలుపు పోయినట్టే. బుకీ దగ్గర ధర ముందే ఖాయం. టోట్ దగ్గర అలా కాదు. అందరి డబ్బూ ఒక కుప్ప, అందులోంచి క్లబ్బు వాటా, పన్ను తీసేసి మిగిలింది గెలిచిన టికెట్లకి పంచుతారు. ఎక్కువమంది ఎంచుకున్న గుర్రం గెలిస్తే తలకి కాస్తే వస్తుంది. తాతయ్య ఎప్పుడూ టోట్, అందులోనూ ‘ప్లేస్’. గుర్రాలు తగినన్ని దిగిన పందెంలో మొదటి మూడింట్లో వస్తే చాలు, ఏదో ఒకటి చేతికొస్తుంది. రైల్వే లెక్కల గుమాస్తా బుద్ధి!

ఆ తరంలో ఊరంతా మాట్లాడుకున్న ఇంకో సంగతి కలకత్తా స్వీప్. ఇంగ్లండులో ఎప్సమ్ డెర్బీ మీద కలకత్తా టర్ఫ్ క్లబ్బు నడిపిన లాటరీ అది. 1920ల్లో ప్రపంచమంతా దాని పేరు తెలుసు. 1930లో ఐర్లండు వాళ్ళ స్వీప్ మొదలయ్యాక వెనకబడింది.

నాన్నగారికి ఆ పిచ్చి కాస్త తగ్గి వచ్చింది. మా మేనత్తకి రెట్టింపు వచ్చింది. ఆవిడ స్టేట్స్‌మన్ పత్రికలో పందేల ఫలితాలు కత్తిరించి పాత లెడ్జరుల్లో అంటించేది. ఏ గుర్రానికి తల్లి ఎవరు, తండ్రి ఎవరు, తడి నేల మీద ఎలా పరిగెత్తుతుంది అని అడిగితే పెళ్ళి సంబంధం చెప్పినంత వివరంగా చెప్పేది. చలికాలం పందేలకీ వానాకాలం పందేలకీ గుర్రం తీరు ఎందుకు మారుతుందో నాకు నేర్పింది ఆవిడే. 1961లో రెండో ఎలిజబెత్ రాణి కలకత్తా వచ్చి పందేలు చూసిన సంగతి ఆవిడ చెప్తుంటే రాణిగారి టోపీ కన్నా గెలిచిన గుర్రం నడకే ఎక్కువసేపు నడిచేది. రాణి పేరుతో కప్పు ఇప్పటికీ ఉంది.

పిల్లల్ని పందేల రోజున తీసుకెళ్ళేవారు కాదు. మా వంతు పొద్దున్న. మంచు విడవకముందే హేస్టింగ్స్ వైపు లాయాల నుంచి గుర్రాలు కసరత్తుకి వస్తాయి. మైదాన్‌లో కంచె బయట నిలబడితే ముందు డెక్కల చప్పుడు వినిపిస్తుంది, తరవాత మంచులోంచి గుర్రం బయటపడుతుంది. ముక్కుల్లోంచి ఆవిరి. పక్కన మట్టి ముంతలో టీ అమ్మేవాడు. గుర్రాన్ని తుడిచి, మేత పెట్టి, కాలి పట్టీలు కట్టే సైసులు ఎక్కువగా బీహారు, ఉత్తరప్రదేశ్ వాళ్ళు. వాళ్ళల్లోనూ తండ్రి పని కొడుకుకి వచ్చినవాళ్ళున్నారు. కుటుంబాల చరిత్ర అన్నాను కదా, అందులో మాకన్నా పెద్ద వాటా వాళ్ళదే.

నాన్నగారి తరం తరవాత కొందరు చుట్టాలు హైదరాబాదు చేరారు. దాంతో ఇంట్లో రెండు జట్లయ్యాయి. అక్కడ మలక్‌పేటలో ఏటా అక్టోబరు 2న డెక్కన్ డెర్బీ, ఇక్కడ చలికాలంలో కలకత్తా డెర్బీ. 1963లో మొదలైన ఇండియన్ టర్ఫ్ ఇన్విటేషన్ కప్పు ఊరూరూ తిరుగుతుంది. మా ఊరికి వచ్చినప్పుడు హైదరాబాదు వాళ్ళు మా ఇంట్లో దిగేవారు, వాళ్ళ ఊరికి వెళ్ళినప్పుడు మేము. పెళ్ళిళ్ళకి రాని చుట్టాలు కూడా దీనికి వచ్చేవారు.

1996లో సుప్రీంకోర్టు, గుర్రపు పందెంలో నైపుణ్యమే ప్రధానం, ఇది వట్టి జూదం కాదని తీర్పు చెప్పింది. మా మేనత్త ఆ వార్త కూడా లెడ్జరులో అంటించింది. పన్నుల వాళ్ళకి మాత్రం ఆ తేడా పట్టినట్టు లేదు. 2017లో పందెం మీద జీఎస్టీ 28 శాతం, 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం. ప్లేస్ టికెట్టు కొనే చిన్నవాడికి చేతికొచ్చేదేమిటి? టోట్ కిటికీల దగ్గర వరస పలచబడుతుంటే, ఆ డబ్బుతో నడిచే లాయాలూ సైసుల జీతాలూ కూడా వణుకుతాయి. 2020 మేలో ఆంఫాన్ తుఫాను తరవాత కిదిర్‌పూర్ ట్రాము కూడా ఆగిపోయింది. తాతయ్యని గేటు దాకా తెచ్చిన దారే లేదిప్పుడు.

పన్ను తగ్గించడం మా చేతుల్లో లేదు. క్లబ్బు చేతుల్లో ఉన్నది ఒకటుంది. మా ఇంట్లో ఈ ఇష్టం పందెం డబ్బుతో నిలవలేదు. పొద్దున్న కంచె దగ్గర పిల్లలు గుర్రాన్ని చూడబట్టి నిలిచింది. ఆదివారం ఉదయాల్లో కుటుంబాలకి కసరత్తు చూపించి, గుర్రం చెవులూ నడకా ఎలా చూడాలో చెప్పి, లాయాల్లో సైసుల చేత మాట్లాడిస్తే ఖర్చు పెద్దగా ఉండదు. అలా వచ్చిన వందమంది పిల్లల్లో పదిమందైనా పెద్దయ్యాక టికెట్టు కొనుక్కుని వస్తారు. పందెం కాయకపోయినా వస్తారు.