కాపలా అంటే గోడ కాదు

గోపన్‌పల్లి అనగానే మా సాఫ్ట్‌వేరు జనాలకి గుర్తొచ్చేది ఫ్లాట్ల రేట్లు. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ (టీఐఎఫ్ఆర్) వాళ్ళ హైదరాబాదు కాంపస్ కూడా అక్కడే ఉంది. నార్సింగిలో మొదలై 2017లో ఇక్కడికి మారింది. కానీ ఆ సంస్థకీ మన ఊరికీ చుట్టరికం చాలా పాతది. అందులో ఒక తెలుగాయన ఉన్నాడు, అతి చిన్న కరెంటుల్ని కొలిచే విద్య ఉంది.

ముందు విద్య సంగతి. ఒక పికోఆంపియరు అంటే ఆంపియరులో లక్ష కోట్లో వంతు. ఇంత చిన్నదాన్ని కొలిచేటప్పుడు మనం నమ్ముకున్న ఇన్సులేషనే ముంచుతుంది. దాని రెసిస్టెన్సు 10 గిగాఓములు, అటూ ఇటూ తేడా 10 వోల్టులు అనుకోండి. 1 నానోఆంపియరు కారిపోతుంది, అంటే కొలవాల్సినదానికి వెయ్యి రెట్లు! వానాకాలం తేమ, వేళ్ళ జిడ్డు తోడైతే ఇక చెప్పక్కర్లేదు.

ఇంకా మంచి ఇన్సులేషన్ వేద్దామంటే దానికో హద్దుంది. గార్డింగ్ చేసేది వేరే పని. సిగ్నలు తీగ చుట్టూ ఒక లోహపు తొడుగు పెట్టి, యాంప్లిఫయరుతో దాన్ని సిగ్నలు వోల్టేజిలోనే ఉంచుతారు. తేడా 1 మిల్లీవోల్టుకి తగ్గితే, అవే 10 గిగాఓముల గుండా కారేది 0.1 పికోఆంపియరే. తొడుగు నుంచి బయటికి లీకేజీ ఉంటుంది, కానీ ఆ కరెంటుని యాంప్లిఫయరు భరిస్తుంది, మన కొలతలోంచి పోదు. ట్రయాక్సియల్ కేబుల్లో మధ్య తొడుగు పని ఇదే.

ఆలోచన కొత్తదేం కాదు. 19వ శతాబ్దంలోనే విలియం థామ్సన్ (తర్వాత లార్డ్ కెల్విన్) తన ఎలక్ట్రోమీటరులో పళ్ళెం చుట్టూ గార్డు రింగు పెట్టాడు. అక్కడ ఉద్దేశం లీకేజీ కాదు, అంచుల దగ్గర విద్యుత్ క్షేత్రం వంకర పోకుండా చూడడం. తర్వాత అదే లీకేజీకీ మందయింది. కేబుళ్ళు పరీక్షించే మెగ్గర్లు చాలావాటి మీద లైను, ఎర్తులతో పాటు గార్డు అనే మూడో టెర్మినలు ఉంటుంది, గమనించారా?

ఇక తెలుగాయన. అయ్యగారి సాంబశివరావు, అంటే మన ఎ.ఎస్.రావు. 1914లో పశ్చిమ గోదావరిలో పుట్టి, స్టాన్‌ఫర్డులో చదివి, టీఐఎఫ్ఆర్‌లో హోమీ భాభా దగ్గర చేరారు. 1956 ఆగస్టు 4న మొదలైన అప్సర రియాక్టరు కంట్రోలు వ్యవస్థ ఆయన బృందం చేసిందే. రియాక్టరులో న్యూట్రాన్ల లెక్క అయాన్ చాంబర్ల నుంచి వచ్చే అతి చిన్న కరెంటులో ఉంటుంది. లీకేజీ దాన్ని చెడగొట్టకుండా ఆ చాంబర్లలోనూ గార్డు రింగు పెడతారు. ఆ రంగంలో చెయ్యి తిరిగిన మనిషి 1967లో హైదరాబాదులో ఈసీఐఎల్‌ని నిలబెట్టారు. అక్కడ తయారైన ఇఎ 815 ఎలక్ట్రోమీటరు యాంప్లిఫయరు పేరు మన దేశపు భౌతికశాస్త్ర పరిశోధన పత్రాల్లో కనిపిస్తుంది.

ఇదంతా ఎందుకంటారా? మన టెక్నాలజీ చరిత్ర 1998లో సైబర్ టవర్స్‌తో మొదలైందని నమ్మేవాళ్ళు ఎక్కువయ్యారు. అంతకు 31 ఏళ్ళ ముందే ఊరికి అవతలి కొసన మీటర్లు చేసినవాళ్ళున్నారు. సెన్సారు ఇచ్చే అంకె తప్పయితే మన కోడు ఆ తప్పుని ఇంకా వేగంగా లెక్కపెడుతుందంతే. గార్డంటే గోడ కట్టడం కాదనీ, కారడానికి కారణమైన తేడానే తీసెయ్యడమనీ తెలిసినవాళ్ళు కోడు రాసేవాళ్ళలోనూ కొందరుండాలని నా అభిప్రాయం.

ఈసారి ఎ.ఎస్.రావు నగర్ మీదుగా వెళ్తే, ఆ పేరు ఎవరిదో పక్కనున్న పిల్లలకి చెప్పండి.