గాయకుడికి శిక్ష, కంపెనీకి వాటా

1958 మే నెలలో అమెరికన్ రాక్ గాయకుడు జెర్రీ లీ లూయిస్ కచేరీల కోసం లండన్‌లో దిగాడు. వెంట వచ్చిన అమ్మాయి ఎవరని విలేకరులు ఆరా తీస్తే, భార్య అని తేలింది. వయసు పదిహేనని మొదట చెప్పారు. నిజానికి పదమూడు. మూడు కచేరీలకే పర్యటన రద్దయింది. స్వదేశంలో రేడియోలు అతని పాటలు వెయ్యడం మానేశాయి. రాత్రికి 10,000 డాలర్లు పలికిన కచేరీ 250కి పడిపోయింది. చూడ్డానికి కఠినమైన శిక్షే. కానీ అందులో ఆ పిల్ల గురించిన బెంగ ఏమీ లేదు, సరుకు చెల్లదన్న భయమే ఉంది. సరుకు మళ్లీ చెల్లుబాటైంది. పదేళ్లు తిరిగేసరికి అతను కంట్రీ సంగీతంలో హిట్లు కొట్టాడు. 1986లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ తొలి జాబితాలోనే చోటు దక్కించుకున్నాడు.

అదే జాబితాలో చక్ బెర్రీ కూడా ఉన్నాడు. పద్నాలుగేళ్ల బాలికను అనైతిక ఉద్దేశంతో రాష్ట్రాల సరిహద్దు దాటించాడని 1959లో అతన్ని 1910 నాటి మాన్ చట్టం కింద అరెస్టు చేశారు. మొదటి విచారణలో జడ్జి జాతి వివక్షతో మాట్లాడినందుకు పైకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. రెండో విచారణలోనూ దోషిగా తేలి జైలుకెళ్లాడు. చట్టం నిందితుడి ఒంటిరంగు చూసిన కాలం అది. బాధితురాలి రంగు చూసిన కాలం ఆ తర్వాత వచ్చింది.

ఆర్ అండ్ బీ గాయకుడు ఆర్. కెల్లీ కథ అదే. 1994లో ఇరవై ఏడేళ్ల కెల్లీ, తాను పాటలు కట్టిచ్చిన పదిహేనేళ్ల గాయని ఆలియాను పెళ్లాడాడు. ఆమెకు పద్దెనిమిదేళ్లని దొంగ గుర్తింపు కార్డు చూపించారు. ఆ కార్డు కోసం ఒక ప్రభుత్వోద్యోగికి 500 డాలర్ల లంచం ఇచ్చానని అతని పాత టూర్ మేనేజరే తర్వాత కోర్టులో ఒప్పుకున్నాడు. పెళ్లి మరుసటి ఏడాదే రద్దయింది. 2000 డిసెంబరులో షికాగో సన్-టైమ్స్‌లో జిమ్ డెరొగాటిస్, అబ్డన్ పల్లాష్ బాలికల విషయంలో అతనిపై వచ్చిన లైంగిక ఆరోపణల మీద తొలి పరిశోధన కథనం రాశారు. 2002 ఫిబ్రవరి 8న కెల్లీ ఒక బాలికతో తీసిన లైంగిక వీడియో సంగతి అదే పత్రిక బయటపెట్టింది. ఆ రోజే కెల్లీ సాల్ట్ లేక్ సిటీ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో పాడాడు.

ఆ వీడియోపై పెట్టిన కేసు ఆరేళ్లు సాగింది. ఈలోగా 2003లో అతని ఆల్బమ్ అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. వీడియోలోని అమ్మాయి సాక్ష్యానికి రాలేదు. 2008లో జ్యూరీ అతన్ని నిర్దోషిగా వదిలేసింది. ఆ తర్వాత దాదాపు పదేళ్లు కంపెనీ ఆల్బమ్‌లు వేసింది, ఉత్సవాలు ముఖ్య గాయకుడిగా పిలిచాయి, పెద్ద తారలు కలిసి పాడారు. బాధితుల్లో ఎక్కువమంది నల్లజాతి అమ్మాయిలు. వాళ్ల మాట ఎవరికీ పట్టలేదు.

2017లో అట్లాంటాకు చెందిన కెన్యెట్ టిషా బార్న్స్, ఒరోనికే ఒడెలెయే అనే ఇద్దరు నల్లజాతి మహిళలు ‘మ్యూట్ ఆర్ కెల్లీ’ ఉద్యమం మొదలెట్టారు. కచేరీల వేదికలకూ రేడియోలకూ గురిపెట్టారు. 2018 మేలో స్పాటిఫై అతని పాటలను తన ప్లేలిస్టుల్లోంచి తీసేసింది. పరిశ్రమ గోల పెట్టడంతో మూడు వారాల్లోనే ఆ విధానాన్ని వెనక్కి తీసుకుంది. అప్పటి నుంచీ చర్చంతా ‘అతని పాట వినొచ్చా, వినకూడదా’ అన్నదాని చుట్టూ తిరిగింది. నా దృష్టిలో కంపెనీలకు ఇంతకంటే అనుకూలమైన చర్చ లేదు. జవాబు చెప్పాల్సినవాళ్లు తప్పుకున్నారు, పాపభారం శ్రోత నెత్తికెక్కింది.

ఆ ఏడాది అక్టోబరులో మన పక్కనే చెన్నైలో ‘మీటూ’ రాజుకుంది. ‘ఏ మాయ చేశావే’లో సమంతకు గొంతిచ్చి తెలుగువాళ్లకు దగ్గరైన గాయని చిన్మయి ఒక ప్రముఖ గీత రచయిత పేరు చెప్పింది. ఆయన ఖండించారు. నవంబరులో డబ్బింగ్ యూనియన్ ఆమె సభ్యత్వం తీసేసింది. చందా బాకీ ఉందన్నది చెప్పిన కారణం! ఆరోపణలు వచ్చిన ఏడుగురు కర్ణాటక సంగీత కళాకారులను మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆ డిసెంబరు సీజన్ నుంచి తప్పించింది. అది తక్కువ విషయం కాదు. కానీ పనిచోట లైంగిక వేధింపులపై వచ్చిన 2013 చట్టం పదిమంది, అంతకుమించి పనిచేసే ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలంటుంది. ఇవాళ ఒక సభలో, రేపు మరో సభలో పాడి, మధ్యలో గురువు ఇంట్లో నేర్చుకునే అమ్మాయి ఏ కమిటీ తలుపు తట్టాలి? ఒక సీజన్‌కు పేర్లు కొట్టేసినంత మాత్రాన ఈ ప్రశ్నకు జవాబు దొరకదు.

2019 జనవరిలో ‘సర్వైవింగ్ ఆర్. కెల్లీ’ డాక్యుమెంటరీ టీవీలో వచ్చింది. రెండు వారాలకు అతని రికార్డు కంపెనీ సోనీ అతన్ని వదిలించుకుంది. 2021లో బ్రూక్లిన్ ప్రాసిక్యూటర్లు ముఠా నేరాల చట్టం ప్రయోగించి, మేనేజర్లూ అంగరక్షకులూ సహాయకులూ కలిసి ఒక యంత్రాంగంగా అమ్మాయిలను అతని దగ్గరికి చేర్చారని వాదించారు. దానికి పాత మాన్ చట్టమూ తోడైంది. మరుసటి ఏడాది 30 ఏళ్ల జైలు పడింది. 2008లో రాని సాక్షి 2022లో షికాగో కోర్టుకు వచ్చి తానే ఆ వీడియోలోని అమ్మాయినని చెప్పింది. యంత్రాంగం ఉందని బ్రూక్లిన్ జ్యూరీ నమ్మింది. అయినా ఆ యంత్రం తయారుచేసిన సరుకు అమ్ముకున్న కంపెనీ మాత్రం బోనెక్కలేదు.

కంపెనీలను కోర్టుకీడ్చే దారి 2022 నవంబరులో న్యూయార్క్‌లో తెరుచుకుంది. గడువు దాటిన లైంగిక దాడులపై ఏడాదిపాటు దావా వేసుకోవచ్చని ఆ రాష్ట్రం చట్టం చేసింది. గడువు ముగిసే వారం ముందు గాయని క్యాసీ, ర్యాపర్ షాన్ కోంబ్స్‌పై దావా వేసింది. ప్రతివాదుల్లో రికార్డు కంపెనీలూ ఉన్నాయి. ఒక్కరోజులో రాజీ కుదిరింది. ముట్టింది 2 కోట్ల డాలర్లని ఆమె 2025లో సాక్ష్యమిచ్చింది. రాజీ కుదిరిందంటే కంపెనీలకు ఏం తెలుసు, ఎప్పటి నుంచి తెలుసు అన్నది ఆ దావాలో విచారణకే రాలేదన్నమాట. కోంబ్స్‌ను క్రిమినల్ కోర్టు ముఠా ఆరోపణలో వదిలేసి, మాన్ చట్టం కింద మాత్రం 50 నెలలు జైలుకు పంపింది.

ఇక డబ్బు సంగతి. కెల్లీకి రావలసిన రాయల్టీల్లోంచి 5 లక్షల డాలర్లకు పైగా జరిమానాకూ బాధితుల పరిహారానికీ మళ్లించాలని 2023 ఆగస్టులో బ్రూక్లిన్ కోర్టు ఆదేశించింది. ఆ ఉత్తర్వు తాకింది కెల్లీ వాటాను. అవే పాటల మీద కంపెనీలు ముప్పై ఏళ్లు సంపాదించిన సొమ్ము జోలికి పోలేదు.