మెట్టసీమనుండి దీవులకు

మదనపల్లె, పుంగనూరు, కుప్పము: ఈ మూడు ఊళ్లును సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు పైని పీఠభూమి మీద నున్నవి. ఇచ్చటి జనులకు కొండ తెలియును, గుండు తెలియును, చెఱువు తెలియును. సముద్రము మాత్రము కథలలో విన్నదే. పూర్వము ఈ ప్రాంతపు రైతు జీవితకాలములో ఒకమాఱైనను సముద్రమును చూచుట అరుదు. అట్టి సీమనుండి కొందఱు ఓడ నెక్కి, భూగోళమున ఆవలి ప్రక్కనున్న దీవులకు పోయి, అచ్చటనే కాపుర ముండిపోయిరి. వారి బ్రదుకునకును, ఇచ్చట నిలిచిపోయిన వారి బ్రదుకునకును గల తారతమ్యమును విచారించుటయే ఈ ప్రసంగములో మా ఉద్దేశము.

పసిఫిక్ మహాసముద్రములో ఫిజీ యను దీవుల సముదాయ మొకటి కలదు. చిన్నవి పెద్దవి కలిపి మూడువందలకు పైగా దీవులు. అచ్చటి చెఱకు తోటలలో పని చేయుటకు 1879వ సంవత్సరము మొదలుకొని 1916 వఱకు మన దేశమునుండి అఱువదివేలకు పైగా కూలీలను తీసికొనిపోయిరి. మొదట ఓడలన్నియు కలకత్తానుండియే బయలుదేఱెను. 1903లో మద్రాసునుండి కూడ ఆరంభమయ్యెను. ఆ పదుమూడేండ్లలో సుమారు పదునైదువేలమంది దక్షిణాదివారు పోయిరి. వీరిని పంపిన జిల్లాలలో ఉత్తరార్కాడు ముఖ్యమైనది. మొదటి సంవత్సరములలో అచ్చటినుండియే హెచ్చుగా చేర్చుకొనిరి.

ఉత్తరార్కాడు అనగానే మన శ్రోతలకు వేలూరు, ఆర్కాడు స్ఫురించును. కాని ఆనాడు చిత్తూరు జిల్లా యనునదియే లేదు. పుంగనూరు జమీందారీయు, కుప్పము ముఖ్యస్థానముగా గల కంగుంది జమీందారీయు ఉత్తరార్కాడులోనివే. మదనపల్లె కడప జిల్లాలోనిది. 1911 ఏప్రిల్ 1వ తేదీన చిత్తూరు జిల్లా ఏర్పడెను. ఇది కేవలము కచ్చేరీ కాగితముల సంగతి గాదు. ఓడ నెక్కు ప్రతివానికిని ఒక పాసు వ్రాసెడివారు. అందు పేరు, తండ్రిపేరు, కులము, వయస్సు, ఎత్తు, ఒంటిమీది గుర్తులు, జిల్లా, తాలూకా, గ్రామము నమోదు చేసెడివారు. ఆ పాసులను ఫిజీ దేశపు ప్రాచీన పత్ర భాండాగారము నేటికిని భద్రపఱచియున్నది. 1905లో పోయిన వాని మునిమనుమడు నేడు ఆ కాగితమును చేతబట్టుకొని ఉత్తరార్కాడును వెదకుచు తమిళనాడులో తిరిగినచో, తాతగారి ఊరు ఆంధ్రదేశములో నున్నదని వానికి తెలియుటెట్లు? ఊరిపేరును గుమాస్తా తన చెవికి వినబడినట్లు ఇంగ్లీషు అక్షరములలో గిలికియుండును. తెలుగు ఊరిపేరు పరభాషా గుమాస్తా కలములో బడి ఏ రూపము దాల్చునో మనమందఱము ఎఱుగుదుము.

ఎందుకు పోయిరి? 1876 నుండి 1878 వఱకు నడచిన ధాతుకరవును ఈ సీమ యెన్నడును మఱువలేదు. ఆ తరువాతను వానలు నమ్మకము లేనివే. మెట్ట పైరు, రాగి, ఉలవ, వేరుసెనగ: మేఘుని దయ. దీనికి తోడు జమీందారీ శిస్తు, షావుకారు వడ్డీ. ఇదే సమయమున రైలు వచ్చెను. జోలార్‌పేట నుండి బెంగుళూరునకు 1864లో వేసిన దారి కుప్పము మీదుగనే పోవును. రైలు సరకుతో బాటు మనుష్యులనుకూడ మద్రాసు చేర్చినది. తలకు ఇంతయని కమీషను పుచ్చుకొను ఏజెంటు సంతలోను స్టేషనువద్దను కాచుకొనియుండెడివాడు. ఫిజీ ఎక్కడ నున్నదో అతడు సరిగా చెప్పడు. చెప్పినను వినువానికి దూరము ఊహకు అందదు.

ఒప్పందము అయిదేండ్లకు. నియమించిన పని పూర్తిచేసినచో దినమునకు మగవానికి ఒక షిల్లింగు, ఆడుదానికి తొమ్మిది పెన్నీలు. అయిదేండ్లు గడచిన తరువాత సొంత ఖర్చుతో తిరిగి రావచ్చును; పదియేండ్లు గడచినచో సర్కారే ఓడకూలి భరించును. ఈ 'అగ్రిమెంటు' అను మాటయే కూలీల నోట 'గిర్మిట్' ఆయెను. ఆ కాలమునకును, ఆ బ్రదుకునకును అదియే పేరు.

ద్వీపజీవితము దీవి చేరిన తరువాత ఆరంభమైనది కాదు. మద్రాసు డిపోలోనే ఆరంభమైనది. పల్లెలో ఎవని పంక్తి వానిది, ఎవని బావి వానిది. డిపోలోను ఓడలోను ఒకే వంట, ఒకే గంగాళము. కులమును వేయేండ్లు కాపాడిన కట్టుబాటు కొలది వారములలో సడలిపోయెను. దానికి బదులుగా క్రొత్త చుట్టఱిక మొకటి పుట్టినది. ఒకే ఓడలో వచ్చినవారు 'జహాజీ భాయి'లు, అనగా ఓడ అన్నదమ్ములు. ఈ వరుసను వారు రక్తసంబంధముకంటె తక్కువగా చూడలేదు. సువా రేవునకు ఎదురుగా నున్న నుకులావు అను చిన్న లంకలో దిగి, కొన్ని దినములు రోగపరీక్షకై నిలిచి, పిమ్మట తోటలకు చీలిపోయెడివారు.

తోటలలో 'లైన్లు' అను బారు కొట్టములుండెడివి. పదియడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు గల గది యొక కుటుంబమునకు, లేదా ముగ్గురు ఒంటరి మగవారికి. నూర్గురు మగవారికి నలువదిమంది ఆడువారు ఉండవలెనని నియమము. అనగా అఱువదిమందికి సంసారము లేదన్నమాట. 1915లో దీనబంధు ఆండ్రూసును పియర్సనును ఫిజీకి పోయి విచారించి, అచ్చటి హత్యలను, ఆత్మహత్యలను, సంసారముల చెడుగును దేశమునకు నివేదించిరి. దేశమున అలజడి రేగెను. 1916లో మదనమోహన మాళవీయ పండితులు కేంద్ర శాసనసభలో తీర్మానము తెచ్చిరి. ఆ యేడు నవంబరులో చేరిన ఓడయే కడపటిది. 1920 జనవరి 1వ తేదీన మిగిలియున్న ఒప్పందములన్నియు రద్దయ్యెను.

ఇక పోల్చి చూతము. మన పీఠభూమిలో పల్లె యనగా ఒకచోట గుమిగూడిన ఇండ్లు, నడుమ గుడి, రచ్చబండ, ఊరి వెలుపల చెఱువు. ఈ చెఱువే పల్లెను ఒక్క త్రాటిమీద నిలిపినది. నీరుగంటివాడు మడిమడికి వంతు ప్రకారము నీరు వదలవలెను. కట్ట తెగినచో ఊరంతయు తట్టలు పట్టవలెను. ఇష్టము లేనివారైనను కలిసి బ్రదుకక తప్పదు. ఫిజీలో ఒప్పందము ముగిసినవారు కౌలునకు తీసికొన్న ముక్కలో ఎవరి ఇల్లు వారు కట్టుకొనిరి. 1920 తరువాత ఆస్ట్రేలియా చక్కెర కంపెనీ పదేసి ఎకరముల చొప్పున భూమిని కౌలునకు ఇచ్చినది. పొలము మధ్య ఇల్లు, పిలిచినచో పలుకనంత దూరములో ప్రక్కయిల్లు. మన అర్థములో ఊరు లేదు. వాన సమృద్ధి, సువాలో సాలీనా కురియునది మదనపల్లె వానకు నాలుగింతలు. కాబట్టి చెఱువుతో పనిలేదు, నీరుగంటివానితోను పనిలేదు. మఱి వారిని కలిపినదేమి? చెఱకు నఱుకుట. నఱికిన చెఱకు త్వరగా మిల్లు చేరవలెను. అందుచేత రైతులు జట్లు కట్టి ఒకరి తోట తరువాత ఒకరి తోట నఱుకుదురు. ఈ జట్టే వారి ఊరు. చిత్తూరు సీమ రైతునకు చెఱకు క్రొత్త కాదు. కాని ఇచ్చట గానుగ ఆడి, బెల్లము వండి, దిమ్మెలు తన కంటియెదుట పేర్చుకొనును. అచ్చట చెఱకు బండి కదలిన తరువాత రైతునకు మిగులునది తూకపు చీటి మాత్రమే.

భాష విషయము చూడుడు. కుప్పములో పుట్టినవానికి తెలుగు, తమిళము, కన్నడము మూడును చెవిని బడును. సంతలో ఏది కావలసిన అది మాటలాడును, ఇంటికి వచ్చి తెలుగే మాటలాడును. అట్టివాడు ఫిజీలో తెలుగు నేల నిలుపుకొనలేకపోయెను? మా తలంపున కారణము కాలములోనే యున్నది. ఉత్తరాదివారు 1879లో పోయిరి. మనవారు ఇరువదినాలు గేండ్లు ఆలస్యముగా చేరిరి. అప్పటికే తోటలో దొర ఆజ్ఞయు, సర్దారు తిట్టును, అంగడి బేరమును అన్నియు హిందూస్థానీలోనే స్థిరపడెను. తెలుగువారు, తమిళులు, మలయాళులు అందఱును 'మద్రాసీ'లైరి. 1926లో నాందిలో సాధు కుప్పుస్వామి ప్రభృతులు దక్షిణాదివారికై 'తెన్నిందియ సన్మార్గ ఐక్య సంఘము'ను స్థాపించి పాఠశాలలు తెఱచిరి. 1941లో తెలుగువారు వేఱుగా 'దక్షిణ ఇండియా ఆంధ్ర సంఘము'ను పెట్టుకొనిరి. అయినను ఇంటిలో తల్లి బిడ్డను లాలించు భాష హిందీ యైపోయిన తరువాత బడి యెంతవఱకు నిలుపగలదు?

మారిషసు కథ వేఱు. అచ్చటికి పోయిన తెలుగువారిలో హెచ్చుమంది విశాఖపట్టణము, గంజాము, గోదావరి తీరములవారు, సముద్రము ఎఱిగినవారు. పాత చిత్తూరు జిల్లాలో ఏడవవంతైనను లేని ఆ దీవిలో ఒక తోటకును మఱియొక తోటకును ఎడము తక్కువ. వారుకూడ నిత్యవ్యవహారమున క్రియోలు భాషకే లొంగిరి. కాని దీపము చుట్టును తిరుగుచు పాడు రామభజనను, సింహాద్రి అప్పన్న పూజను విడువలేదు. ఆంధ్ర మహాసభ నెలకొల్పుకొనిరి. బడులలో తెలుగు చేర్పించుకొనిరి. ఉగాది నాడు ఆ దేశమంతటికిని సెలవు. రేడియోలో తెలుగు వినబడును. ఇంటిలో లేని భాషను పండుగలో నిలుపుట సాధ్యమని వారు చూపిరి. తక్కువైన పని కాదు.

దేవతలు మాత్రము ఫిజీకిని వెళ్లిరి. పుంగనూరులో సుగుటూరు గంగమ్మకు, కుప్పములో తిరుపతి గంగమ్మకు జాతరలు జరుగును. మన పల్లెలలో పదునెనిమిది నాళ్లు మహాభారతము చెప్పించి, కడపట ద్రౌపదీదేవి పేర అగ్నిగుండము త్రొక్కుదురు. సువాలోని మారియమ్మ గుడివద్ద నేటికిని ఏటేట నిప్పులు త్రొక్కుచున్నారు. ఇందొక వింత కలదు. ఆ దేశపు మూలవాసులలో ఒక దీవివారు తరతరములుగా, మనవారు పోకపూర్వమునుండియు, కాలిన రాళ్లమీద నడచుచున్నారు. ఆ దీవి పేరు వారి ఉచ్చారణలో 'బెంగా'. ఇల్లు విడిచిన తెలుగువాని చెవికి ఆ పేరు ఎట్లు వినబడియుండునో చెప్పనక్కఱలేదు.

దీవినుండి పెద్దభూమికి వచ్చినవారును కలరు. మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో ఐర్లండు ద్వీపపు కవి జేమ్సు కజిన్సు అధ్యాపకుడుగ నుండెను. 1919 ఫిబ్రవరిలో రవీంద్రుడు అచ్చటికి వచ్చి 'జనగణమన'ను ఆంగ్లీకరించినపుడు దాని బాణీని స్వరపఱచుటలో తోడ్పడినది ఆయన భార్య మార్గరెటు. ఈ ఊరనే 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి 1911లో అనిబిసెంటమ్మతో ఇంగ్లండు ద్వీపమునకు ఓడమీద పోయెను. ఆ యేండ్లలోనే ఈ చుట్టుప్రక్కల జిల్లాలవారు మద్రాసునుండి మఱియొక దిక్కునకు ఓడ నెక్కుచుండిరి. మొదటి ప్రయాణమును గూర్చి గ్రంథములు కలవు. రెండవదానికి మిగిలినది పాసు కాగితములే.

అన్నిటికంటె పెద్ద వ్యత్యాసము భూమి విషయమున వచ్చినది. 1948 నాటి మద్రాసు శాసనము జమీందారీలను రద్దుచేసినది. పుంగనూరు, కంగుంది రైతులకు పట్టాలు వచ్చినవి. కరవునకు ఓర్చి నిలిచినవాని మనుమడు, రెండెకరములకైనను, హక్కుదారుడు. ఫిజీలో భూమి నూటికి ఎనుబది పాళ్లకు పైగా మూలవాసుల గణములది, దానిని అమ్మరాదు. అది వారి భూమి. ఆ కట్టుబాటును తప్పుపట్టుటకు మనకు హక్కు లేదు. కాని దాని ఫలితముగా మూడుతరములు దున్నినవాడును కౌలుదారుగనే మిగిలెను. ముప్పదేండ్ల కౌళ్లు 1997 నుండి ముగియసాగెను. కొందఱు తమ చేతులతో కట్టుకొన్న ఇంటిని విప్పి, రేకులును దూలములును బండి కెక్కించుకొని పట్టణపు అంచులకు చేరిరి.

అప్పటికే మఱియొక దెబ్బ తగిలియుండెను. మొట్టమొదటి కూలీల ఓడ 'లియోనిదాస్' ఫిజీ చేరినది 1879 మే 14న. సరిగా నూట యెనిమిదేండ్లకు, 1987 మే 14న, రాబూకా యను సేనాని సైన్యముతో శాసనసభలో ప్రవేశించి, భారతీయుల మద్దతుతో ఏర్పడిన ప్రభుత్వమును కూలద్రోసెను. నాటినుండి వేలకొలది కుటుంబములు ఆక్లండునకు, సిడ్నీకి, వాంకూవరునకు తరలిపోయినవి. ఈమాఱు పాసుపోర్టుమీద ఊరిపేరు ఏదో వారికి తెలియును: నాంది, బా, లౌతోకా, లంబాసా.

ఆ రాబూకాయే ప్రధానమంత్రియై 2023 మే 14న గిర్మిట్ సంతతివారిని బహిరంగముగ క్షమాపణ వేడెను. ఆ సంవత్సరమే గిర్మిట్ దినమును ఫిజీలో మొదటిసారి జాతీయపు సెలవుదినముగ పాటించిరి. పాసు కాగితముల నకళ్లు పట్టుకొని ఊళ్లు వెదకువారు నేడును వచ్చుచున్నారు. అట్టివా రెవరైన పుంగనూరు సంతలోనో కుప్పము స్టేషనులోనో ఎదురైనచో, ఆ కాగితముమీది 'ఉత్తరార్కాడు' అను మాట యీ ఊరికిని చెందునని వారికి చెప్పవచ్చును.